మూడు దుకాణాలకు ఫోను వ్యవస్థ: లక్షా 85 వేల కొటేషన్ వచ్చింది, ఎవరి మాట నమ్మాలి?

మోటారు_వైండింగ్_వరంగల్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది వరంగల్‌లో నీటి మోటార్ల దుకాణం. కొత్తవి అమ్ముతాం, కాలిపోయినవాటికి వైండింగ్ చేస్తాం. నాన్నగారు 1994లో మొదలుపెట్టారు. ఆయన పోయాక నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. నర్సంపేటలో ఒకటి, పరకాలలో ఒకటి శాఖలు తెరిచాం. మొత్తం 11 మంది పనివాళ్లు.

మా వ్యాపారం ఫోను మీదే నడుస్తుంది. పొలానికి నీళ్లు పెట్టే వేళ మోటారు కాలితే రైతుకు ఆగే తీరిక ఉండదు. ఎవరు ముందు ఫోను ఎత్తితే వారి దగ్గరికే మోటారును ట్రాక్టరులో వేసుకుని వెళ్తాడు. మాకు ల్యాండ్‌లైను ఒకటి, సెల్ నంబర్లు ఏడు ఉన్నాయి. నాన్నగారు చుట్టుపక్కల ఊళ్లలో గోడల మీద రాయించిన 0870 నంబరు ఇప్పటికీ చాలా చోట్ల చెరిగిపోలేదు. పాత రైతులు దానికే చేస్తారు. ఎవరు ఎత్తారో, ఎవరు ఎత్తలేదో మాకు లెక్క లేదు. "నిన్న మూడుసార్లు చేశానమ్మా, ఎవరూ పలకలేదు" అని వినని వారం లేదు.

ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి ఇంటర్నెట్ మీద నడిచే ఇంటర్‌కామ్ పెట్టమన్నారు. 24 ఎక్స్‌టెన్షన్లు, 12 ఫోన్లు, ఒక సర్వర్ కలిపి 1,85,000 రూపాయలు, ఆపైన ఏటా నిర్వహణకు 28,000. శుక్రవారంలోగా అడ్వాన్సు ఇస్తే తగ్గింపు అంటున్నారు. ఇంకొకాయన క్లౌడ్ టెలిఫోనీ, అంటే ఒకే నంబరుకు వచ్చే ఫోన్లను ఇంటర్నెట్ ద్వారా మన సెల్లులకు పంచే సేవ, తీసుకోమంటున్నారు. మా మేనత్త కొడుకు అన్నీ వాట్సాప్‌లో పెట్టేయమంటున్నాడు. ముగ్గురి మాటా వింటే ముగ్గురిదీ నిజమే అనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కాజీపేట_పాత_ఎక్స్ఛేంజి

అమ్మా, నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో 33 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. శుక్రవారం అడ్వాన్సు ఇవ్వకండి. ఆ తగ్గింపు మరో నెల తర్వాత అడిగినా ఇస్తారు.

ఏ పెట్టె కొనాలన్నది తర్వాతి మాట. మీకు రోజుకు ఎన్ని ఫోన్లు వస్తున్నాయి? ఒకే క్షణంలో ఎక్కువలో ఎక్కువ ఎంతమంది మాట్లాడుతున్నారు? ఏ గంటలో తప్పిపోతున్నాయి? ఈ మూడింటికీ జవాబు లేకుండా కొటేషన్ రాసినవారు మీ అవసరం చూసి రాయలేదు.

ఒక చిన్న విషయం పట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ అంటే లోపలి ఫోను. ట్రంకు అంటే బయటి నుంచి వచ్చే లైను. బయటి లైను ఒక్కటే ఉన్నప్పుడు లోపల 24 ఫోన్లు పెట్టినా ఒక్క రైతే మాట్లాడగలడు, రెండో రైతుకు బిజీ వస్తుంది. మీ కొటేషన్‌లో ట్రంకు లైన్లు ఎన్ని రాశారో చూసి చెప్పండి.

ఒక నోటుపుస్తకం తీసుకుని ఏడు రోజులు రాయండి. టైము, ఏ నంబరుకు వచ్చింది, ఎత్తారా లేదా. అంతే చాలు.

మోటారు_వైండింగ్_వరంగల్

సార్, ఇప్పుడే చూశాను. ట్రంకు లైన్ల దగ్గర "కస్టమర్ సమకూర్చుకోవాలి" అని చిన్న అక్షరాల్లో ఉంది. నోటుపుస్తకం ఇవాళే మొదలుపెడతాను.

కరీంనగర్_ల్యాబ్

అక్కా, మాది రక్తపరీక్షల కేంద్రం. నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదు.

మూడేళ్ల కిందట క్లౌడ్ టెలిఫోనీ తీసుకున్నాం. పని బాగానే చేసేది. ఒకే నంబరు, "రిపోర్టుల కోసం ఒకటి నొక్కండి" అని తెలుగులో పలుకుతుంది, ఎవరి సెల్ ఖాళీగా ఉంటే వారికి వెళ్తుంది, ఎత్తనివన్నీ సాయంత్రానికి జాబితాగా వస్తాయి. ఆ జాబితా ఒక్కటే నెల అద్దెకు సరిపడా విలువ చేసేది. రిపోర్టు కవర్ల మీద, బోర్డు మీద, ఆటోల వెనుక అదే నంబరు అచ్చు వేయించాం.

రెండో ఏడు అద్దె పెంచారు. వేరే చోటికి వెళ్దామనుకుంటే అప్పుడు తెలిసింది, ఆ నంబరు మా పేరు మీద లేదు. మాకు పెట్టించిన మధ్యవర్తి తన సంస్థ పేరు మీద తీసుకుని మాకు వాడుకోవడానికి ఇచ్చాడు. నంబరు కావాలంటే పాత బాకీ అంటూ ఒక మొత్తం అడిగాడు. మేం ఇవ్వలేదు. ఒక రోజు పొద్దున్నే నంబరు మూగబోయింది. రిపోర్టు కోసం ఫోను చేసిన ఒక పెద్దాయన మేం మూసేశామనుకుని వేరే చోట మళ్లీ రక్తం ఇచ్చి వచ్చాడట. అది విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. 4,000 కవర్లు చించేశాం.

కనుక ఏ వ్యవస్థ తీసుకున్నా ముందు అడగాల్సింది ఇదే. నంబరు ఎవరి పేరు మీద ఉంటుంది? మీ జీఎస్టీ కాగితాలు, మీ పాన్ కార్డు పెట్టి దరఖాస్తు చేశారా? దాని నకలు మీ దగ్గర ఉందా? వదిలి వెళ్లేటప్పుడు నంబరు వెంట వస్తుందని కాగితం మీద రాసిస్తారా?

ఇంకొకటి. నిమిషం లెక్క అడగండి. చాలా పథకాల్లో రైతు నుంచి క్లౌడ్‌కు వచ్చే మాటకు ఒక లెక్క, క్లౌడ్ నుంచి మీ సెల్‌కు వెళ్లే మాటకు ఇంకో లెక్క వేస్తారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. నెల అద్దె తక్కువగా కనిపించి బిల్లు ఎక్కువగా వచ్చేది అక్కడే. మాటలు రికార్డు చేసే సౌకర్యం ఇస్తామంటారు, మంచిదే, కాని అవతలివారికి ముందే చెప్పాలి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మాలాంటి చోట రోగి వివరాలు అందులో ఉంటాయి. అవి ఎవరి కంప్యూటర్లో పడి ఉన్నాయో తెలియకుండా రికార్డింగ్ పెట్టించకండి.

సిరిసిల్ల_నూలు

మాది నూలు వ్యాపారం. మరమగ్గాల వారంతా వాట్సాప్‌లోనే ఆర్డరు పెడతారు. వాట్సాప్ బిజినెస్ యాప్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. ఒక ఫోనుకు అదనంగా నాలుగు పరికరాల్లో అదే ఖాతా తెరుచుకోవచ్చు, కనుక మీ మూడు దుకాణాలకూ సరిపోతుంది. ప్రధాన ఫోనును 14 రోజులు వాడకుండా వదిలేస్తే మాత్రం మిగతా పరికరాల్లో ఖాతా దానంతటదే మూసుకుపోతుంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి. ఆ పాత 0870 నంబరు మీదే వాట్సాప్ బిజినెస్ తెరవవచ్చు. ల్యాండ్‌లైనుకు సందేశం రాదు కాబట్టి ఫోను చేసి కోడ్ చదవమని కోరండి. గోడ మీద ఉన్న నంబరుకే రైతు కాలిన మోటారు పేరు పలక ఫొటో తీసి పంపగలిగితే ఎన్ని హెచ్‌పీ, ఏ కంపెనీ, ఎన్ని స్టేజీలు అన్నది మీకు ముందే తెలిసిపోతుంది.

అయితే అన్నీ వాట్సాప్‌లో పెట్టడం మీకు కుదరదు. మోటారు కాలిన మనిషి టైపు చేస్తూ కూర్చోడు.

హనుమకొండ_నెట్‌వర్క్

నేను ఈ పనిలోనే ఉన్నాను. ఇంటర్‌కామ్‌లు, కెమెరాలు, నెట్‌వర్కు పెడతాం. కనుక నా మాటను ఆ ఎరుకతోనే చదవండి.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మాలో చాలామందికి సలహాకు ఎవరూ డబ్బు ఇవ్వరు. పెట్టె అమ్మితేనే మిగులుతుంది. కంపెనీలు మూడు నెలలకొకసారి లక్ష్యాలు పెడతాయి, దాటితే అదనంగా ఇస్తాయి. అందుకే నెలాఖరున "శుక్రవారంలోగా" అన్న మాట వస్తుంది. అందరూ మోసగాళ్లని కాదు. పనితనం ఉన్నవారు ఉన్నారు. కాని ఎదుటివాడి సంపాదన ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే అతని సలహా ఏ వైపు ఒరుగుతుందో తెలుస్తుంది.

మీరు చేయవలసింది, సలహాకు విడిగా డబ్బు ఇవ్వండి. సగం రోజు దుకాణాలు చూసి ఒక పేజీ రాసివ్వడానికి ఇంత అని మాట్లాడుకోండి. ఆ మనిషి దగ్గర సామాను కొనబోమని ముందే చెప్పండి. ఒప్పుకున్నవారితోనే ముందుకు వెళ్లండి. "ఈ కంపెనీ నుంచి మీకు కమీషన్ వస్తుందా?" అని సూటిగా అడగండి. వస్తుందని చెప్పినా నష్టం లేదు, దాచడమే నష్టం.

పాత కస్టమర్ల పేర్లు అడిగినప్పుడు గత నెలలో పెట్టించుకున్నవారి పేర్లు ఇస్తారు. అవి పనికిరావు. రెండేళ్లు దాటినవారి పేర్లు అడగండి. అక్కడికి వెళ్లి యజమానితో కాదు, ముందు కౌంటరులో ఫోను ఎత్తే అమ్మాయితో మాట్లాడండి. చెడిపోతే ఎన్నాళ్లకు వస్తారో ఆమెకే తెలుసు.

పని పూర్తయ్యాక మీ చేతికి రావలసినవి: పరికరం అడ్మిన్ పాస్‌వర్డ్, సెట్టింగుల బ్యాకప్, ఏ తీగ ఎక్కడికి పోయిందో రాసిన కాగితం. పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకున్నవాడు మిమ్మల్ని కట్టి పడేసినట్టే. పోయిన నెల హనుమకొండలో ఒక బట్టల షోరూముకు వెళ్లాను. ఒక ఎక్స్‌టెన్షన్ పేరు మార్చడానికి పాత మనిషి కోసం 19 రోజులు ఎదురుచూశారు. చివరికి పెట్టెను మొదటి స్థితికి తెచ్చి అంతా మళ్లీ రాయాల్సి వచ్చింది.

నిర్వాహకులు

ఒక సభ్యుడు తన సంస్థ ధరల పట్టిక, ఫోను నంబరు పెట్టారు. తీసేశాం. అమ్మకాలకు వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

ములుగు_ట్రావెల్స్

మాకు బస్సులు, టెంపోలు ఉన్నాయి. ఒకే కంపెనీ సిమ్ముల మీద అంతా ఆధారపడవద్దు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నాలుగు రోజులూ మా డ్రైవర్లకు ఫోను కలవడమే గగనమైంది. తాత్కాలిక టవర్లు పెట్టినా అంత జనానికి ఏ టవరూ తట్టుకోలేకపోయింది. ఆఫీసులో తీగ మీద వచ్చే ఫోను మాత్రం మోగుతూనే ఉంది. అప్పటి నుంచి ప్రతి బండికి రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు, ఆఫీసుకు తీగ లైను ఉంచాం.

ఎనుమాముల_గుమాస్తా

నేను ఎనుమాముల దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. ఏసీ మిర్చి లాట్ల గురించి రైతులకు సందేశాలు పంపాలి కాబట్టి ఈ తంటాలు పడ్డాను.

పెద్ద సంఖ్యలో సందేశాలు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ పేరు, పంపేవారి గుర్తు, సందేశం నమూనా ముందే నమోదు చేయించుకోవాలి. "ఆ గొడవ లేకుండా మామూలు సిమ్ముల మీద పదివేల మందికి పంపిస్తాను" అనే మనిషి వస్తాడు. అతని జోలికి వెళ్లకండి. నమోదు లేకుండా ప్రచార కాల్స్ చేసేవారి లైన్లన్నీ తీసేసి రెండేళ్ల వరకు నల్ల జాబితాలో పెట్టాలని 2024 ఆగస్టులో ట్రాయ్ ఆదేశించింది. పోయేది అతని నంబరు కాదు, మీది.

అలాగే ఎక్కువ సిమ్ములు పట్టే పెట్టె పెట్టి విదేశీ కాల్స్‌ను లోకల్ కాల్స్‌గా మారుస్తాం, మీ దుకాణంలో చోటిస్తే అద్దె ఇస్తాం అని కూడా తిరుగుతారు. అది నేరం. సిమ్ములు, చోటు ఎవరివైతే పోలీసులు ముందు వారి ఇంటికే వస్తారు.

అక్కా, మీ ఏడు సిమ్ములు ఎవరి పేరు మీద ఉన్నాయి? టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో చూడండి. ఒక మనిషి పేరు మీద తొమ్మిదికి మించి ఉండకూడదు.

మోటారు_వైండింగ్_వరంగల్

గుమాస్తా గారూ, మీరు అడిగాక చూశాను. నాకు చెమటలు పట్టాయి. నాలుగు తమ్ముడి పేరు మీద, ఒకటి నా పేరు మీద. ఒకటి రెండేళ్ల కిందట మానేసిన కుర్రాడి పేరు మీద ఉంది, పరకాల శాఖ బోర్డు మీద ఉన్నది అదే. ఏడోదీ, ల్యాండ్‌లైనూ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉన్నాయి. మేం ఆయన నంబరు మార్చకూడదని అలాగే ఉంచాం తప్ప పేరు మార్చాలన్న ఆలోచనే రాలేదు.

ఇక నోటుపుస్తకం. ఏడు రోజులు పూర్తయ్యాయి. సెల్ ఫోన్ల రికార్డు, ల్యాండ్‌లైనుకు తగిలించిన కాలర్ ఐడీ పెట్టె చూసి మా మేనకోడలు రాసింది. వచ్చినవి 412. ఎత్తినవి 318. తప్పినవి 94. ఆ 94లో 51 ఉదయం 5:30 నుంచి 8 లోపు, అంటే దుకాణం తెరవకముందు. 27 మాట్లాడుతుండగా వచ్చినవి. 16 ఖాళీగా ఉండి కూడా ఎత్తనివి, ఎక్కువ భాగం భోజనం వేళ నర్సంపేటలో. ఒకేసారి ముగ్గురు మాట్లాడింది వారంలో నాలుగే సార్లు, నలుగురు ఎప్పుడూ లేరు. ల్యాండ్‌లైనులో బిజీ విని పెట్టేసినవారు ఈ లెక్కలోకి రాలేదు.

నిన్న రాత్రి ఆ పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తెల్లవారుజామున చేసినవారిలో 14 మంది ఒకటికి రెండుసార్లు చేశారు. లక్షా 85 వేలు పెట్టినా ఆ గంటలో ఫోను ఎత్తే మనిషి ఆ పెట్టెలో లేడు.

కాజీపేట_పాత_ఎక్స్ఛేంజి

అమ్మా, మీ మేనకోడలికి నా ఆశీస్సులు. ఏ కన్సల్టెంటూ ఇంత బాగా రాసివ్వడు.

ఇప్పుడు మాట్లాడుకుందాం. మీకు కావలసినవి మూడు. తెల్లవారుజామున ఎవరో ఒకరు పలకాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండో ఫోను పక్కవారికి పోవాలి. తప్పినది కాగితం మీదికి రావాలి. 24 ఎక్స్‌టెన్షన్ల పని ఇందులో లేదు.

ల్యాండ్‌లైను వదలకండి. అది మీ నాన్నగారి ఆస్తి. పాత రాగి తీగ అయితే అదే నంబరును ఫైబరు మీదికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. ముందు పేరు మార్పు, తర్వాత ఫైబరు. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం, మీ గుర్తింపు పత్రాలు పట్టుకుని వెళ్లండి. సెల్ సిమ్ముకూ అంతే. మానేసిన కుర్రాడు మంచివాడైతే ఈ వారమే పిలిపించి మార్పించుకోండి, రేపు అతను ఏ ఊరు వెళ్తాడో.

ఫైబరుతో ఒక తేడా ఉంది. రాగి తీగ రోజుల్లో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు తీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. బ్యాటరీ గదిలో మేం రాత్రంతా కాపలా ఉండి నీళ్లు పోసిన బ్యాటరీలవి. ఫైబరు గాజు తీగ, అందులో కరెంటు రాదు. మీ గోడకున్న చిన్న పెట్టెకు కరెంటు పోతే ఫోనూ పోతుంది. దాన్ని, వైఫై పెట్టెను ఇన్వర్టరుకు కలపండి. ఇది మరిచిపోయి ఫైబరు బాగాలేదని తిట్టేవారు ఎక్కువ.

ఇంటర్నెట్ ఫోనుకు ప్రత్యేక లీజు లైను, అంటే మీ ఒక్కరికే కేటాయించిన ఇంటర్నెట్ లైను, కావాలని కూడా చెప్పి ఉంటారు. సాధారణ పద్ధతిలో ఒక మాటకు 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), మాటను ముక్కలు చేసి పంపేటప్పుడు ప్రతి ముక్కకూ అంటించే చిరునామాలు కలుపుకుంటే దాదాపు 87. నాలుగు మాటలకు 350. మీ ఇంట్లో సినిమా చూసే కనెక్షను దీనికి ఎన్నో రెట్లు. వేగం కాదు చూడాల్సింది, ఆలస్యం. మాట అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. అది ఎంత వస్తుందో మీ మూడు దుకాణాల్లోనూ కొలిచి చూపించమనండి.

ఎప్పటికైనా చిన్న ఇంటర్‌కామ్ పెట్టుకుంటే మూడు ట్రంకులు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్ల రకం చాలు. పాత పెట్టె ఎవరైనా ఇస్తే ఒక సెట్టింగు చూడండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. పెట్టెలో దాచిన నంబర్లకు ఆ సున్నా లేక కలవకపోతే పెట్టె పాడైందని కొత్తది అమ్మినవారిని చూశాను.

పిడుగుల కాలం వస్తోంది. బయటి తీగ లోపలికి వచ్చే చోట రక్షణ పరికరం, దానికి సరైన ఎర్తింగ్. మోటార్ల వారికి ఎర్తింగ్ గురించి నేను చెప్పనక్కర్లేదు.

హనుమకొండ_నెట్‌వర్క్

పెద్దాయన చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే. ఎత్తకపోతే వేరే నంబరుకు మళ్లించే సౌకర్యం ల్యాండ్‌లైనుకు ఉంటుంది. మళ్లిన మాటకు ఖర్చు మీ ఖాతాలో పడవచ్చు, ముందే అడగండి. దానితో నెల రోజులు నడిపి, అప్పటికీ తప్పుతుంటే అప్పుడు క్లౌడ్ వారి దగ్గర చిన్న పథకం ప్రయోగానికి తీసుకోండి. ఏడాది డబ్బు ముందే కట్టకండి. నాకు ఇందులో అమ్మడానికి ఏమీ మిగలదు, అయినా మీకు సరైనది ఇదే.

ఎనుమాముల_గుమాస్తా

మళ్లింపు గురించి ఒక హెచ్చరిక. ఎవరో ఫోను చేసి "టెలికాం ఆఫీసు నుంచి" అంటూ నక్షత్రం, 401, ఆ తర్వాత ఒక నంబరు కొట్టమంటే కొట్టవద్దని పనివాళ్లందరికీ చెప్పండి. అలా కొడితే మీ ఫోన్లు వాళ్లకు మళ్లుతాయి, బ్యాంకు కోడ్లు చెప్పే కాల్స్‌తో సహా. ఈ మోసాల వల్లే 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ పద్ధతిని ఆపమని టెలికాం శాఖ ఆదేశించింది.

మోటారు_వైండింగ్_వరంగల్

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

నర్సంపేటలో మాకు తెలిసిన రైస్ మిల్లువారు చెప్పిన ఒకాయనను పిలిచాం. 2,500 రూపాయలు ఇచ్చాం, మూడు దుకాణాలూ చూసి ఒక పేజీ రాసిచ్చారు. కమీషన్ గురించి అడిగితే ఒక కంపెనీ నుంచి వస్తుందని దాచకుండా చెప్పి, ఆ కంపెనీ సామాను మాకు అవసరం లేదని కూడా ఆ పేజీలోనే రాశారు.

నాన్నగారి నంబరు నా పేరు మీదికి మారింది. దానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు అదే నంబరు ఫైబరు మీద ఉంది. నాలుగుసార్లు మోగినా ఎత్తకపోతే తమ్ముడి సెల్‌కు వెళ్తుంది. ఉదయం 5:30 నుంచి 8 వరకు వంతులు వేసుకున్నాం, మూడు రోజులు తమ్ముడు, నాలుగు రోజులు నేను. అదే నంబరు మీద వాట్సాప్ తెరిచాం, కోడ్ కోసం ఫోను వచ్చినప్పుడు మేనకోడలే ఎత్తి రాసుకుంది. పరకాల సిమ్ము కోసం ఆ కుర్రాడు జమ్మికుంట నుంచి పని మానుకుని వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. సలహా రుసుము, ఇన్వర్టరుకు తీగలు, రెండు కొత్త ఫోన్లు, రక్షణ పరికరం అన్నీ కలిపి 14,600 అయింది. క్లౌడ్ ఇంకా తీసుకోలేదు.

పోయిన వారం మళ్లీ నోటుపుస్తకం రాశాం. వచ్చినవి 431, తప్పినవి 22.

కాజీపేట_పాత_ఎక్స్ఛేంజి

చాలా సంతోషం అమ్మా. కరెంటు పోయినప్పుడు పరీక్షించారా? మెయిను ఆపి, నర్సంపేట నుంచి ఫోను చేయించండి.

మోటారు_వైండింగ్_వరంగల్

ఇప్పుడే చేశాం సార్. మెయిను ఆపిన వెంటనే చేయమంటే మోగింది. అరగంట తర్వాత చేయమంటే మోగలేదు. చూస్తే వైఫై పెట్టెను ఇన్వర్టరుకు కలిపారు కాని ఫైబరు పెట్టెను పాత యూపీఎస్‌కే వదిలేశారు, దాని బ్యాటరీ అయిపోయింది. తమ్ముడు ఇప్పుడే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మార్చాక మళ్లీ గంట ఆపి చూసి రాస్తాను.